నొప్పికి పేటెంటు

ఎల్లేశ్ తల పగిలిన చప్పుడు ఇన్‌స్పెక్షన్ గదిలో ఉన్న నాకు వినబడింది. మిషన్ల మోతలో అదేమంత పెద్ద చప్పుడు కాదు. మిషనులో కోతకు పెట్టి సరిగ్గా బిగించని ఉక్కు జాబు ఏదో జారిపడిందనుకుని, ఎవడి బద్ధకమో ఏమో అని తిట్టుకుంటూ బయటికి వచ్చాను. చూస్తే ఎల్లేశ్ మిషను నుంచి కారిన కూలెంట్ నీళ్ళ మడుగులో బోర్లా పడి ఉన్నాడు. మా ఆయన సదానందం అతని మీద వంగి, రెండు చేతులా పెద్ద రెంచీ పట్టుకుని కొడుతూనే ఉన్నాడు. కొడుతూ ఏడుస్తున్నాడు. "ఇడువ్, నా చెయ్యి ఇడువ్" అంటున్నాడు. ఆయన చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.

వెనక నుంచి నడుం పట్టి లాగాను. మోచేత్తో నా మూతి మీద ఒక్కటిచ్చాడు. ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. పక్క మిషను మీద పనిచేసే ఇద్దరు పట్టుకోబోతే వాళ్ళనూ విసిరికొట్టాడు. చివరికి ఎవరో మెయిన్ కరెంటు ఆపేశారు. మిషనులో తిరిగే స్పిండిల్ ఆగింది, ఆయన చేతులూ ఆగాయి. రెంచీ కింద పడేసి, ఎల్లేశ్ వైపు చూసి, "వీనికి ఏమైందే?" అని నన్ను అడిగాడు.

ఎల్లేశ్ ఆస్పత్రికి చేరకముందే పోయాడు. మా ఆయన్ను పోలీసులు తీసుకుపోయారు. హత్య కేసు పెట్టారు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు, ఒకే బండి మీద పనికి వచ్చినవాళ్ళు. అందుకే ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు మా అన్న తెలివి గురించి చెప్పాలి.

మాది జీడిమెట్లలో చిన్న మిషన్ షాపు. నిజానికి మా అన్న ఉపేందర్‌ది. అన్న ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్ రాస్తాడు, మా ఆయన మిషను నడుపుతాడు, తయారైన జాబుల కొలతలు నేను చూస్తాను. ఒక మిషను కడుపులో ఇరవై టూళ్ళు ఉంటాయి. ఏది ఎప్పుడు కొయ్యాలో, ఏది తొలవాలో కంప్యూటరు చూసుకుంటుంది. ఏ టూలు ఎంత అరిగింది, ఇంకెంత సేపు ఆగుతుంది అన్న లెక్కంతా పక్కనున్న స్క్రీను మీద కనబడుతుంది. చిక్కల్లా ఏమిటంటే ఆపరేటరు కళ్ళు జాబు మీద ఉంటాయి కానీ స్క్రీను మీద ఉండవు. స్క్రీను ఎర్రబడిందని చూసేసరికి టూలు విరగనే విరుగుతుంది. దానితోపాటు జాబు తుక్కులోకి పోతుంది.

అన్న ఆ స్క్రీనును తీసి మనిషి చేతికి తొడిగాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టుకునే పట్టీ అది. లోపలివైపు సన్నని లోహపు చుక్కలు నరాల మీద ఆనుకుని ఉంటాయి. ఒక్కో టూలుకు చేతిలో ఒక్కో చోటు. డ్రిల్లు బొటనవేలు, మరలు కోసే ట్యాపు చిటికెనవేలు, పెద్ద కట్టరు అరచెయ్యి మొత్తం. టూలు బాగుంటే ఏమీ తెలియదు. అరుగుతుంటే ఆ వేలు వెచ్చబడుతుంది. అంచులో బీటవస్తే సూదితో పొడిచినట్టు ఉంటుంది. సదానందం అది కట్టుకున్నాక మా షాపులో టూలు విరగడం అన్న మాటే వినబడలేదు. కళ్ళు మూసుకుని మిషను నడిపేవాడు. చూడటానికి జనం వచ్చేవారు, నాకూ గర్వంగానే ఉండేది.

అన్న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. తిరిగొచ్చిన జవాబు ఒక్క ముక్కే. ఇది టూలు సమాచారాన్ని ఇంకో రకంగా చూపించడమే, సమాచారం చూపించడం చట్టం దృష్టిలో ఆవిష్కరణ కాదు, పొమ్మన్నారు. అన్న ఫోను గోడకేసి కొట్టాడు. చెన్నైలో పెద్ద వకీలును పట్టుకుని అప్పీలుకు వెళ్ళాడు. ఆ వకీలు చెప్పిందేమిటంటే, పట్టీ ఊరికే కబురు చెబుతుందంటే ఓడిపోతాం, ఆపరేటరు ఒంటి మీద అది ఏదో పనిచేస్తుందని రుజువు చెయ్యాలి. ఇంకో సంగతి కూడా చెప్పాడు. దరఖాస్తు అచ్చయినప్పుడే పట్టీ తయారీ వివరాలన్నీ లోకానికి తెలిసిపోయాయి. పుణెలో ఒక కంపెనీ వాటిని చూసి నమూనాలు సిద్ధం చేసుకుని కూర్చుంది. అప్పీలు ఓడిన మర్నాడు అది ఎవడైనా చేసుకోవచ్చు, ఎవడికైనా కట్టొచ్చు.

ఇంట్లో సంగతి వేరుగా ఉండేది. సాఫ్ట్‌వేర్‌లో అన్న ఒక చిన్న తెలివి పెట్టాడు. పట్టీ హెచ్చరించాక ఆపరేటరు ఎంత ఆలస్యంగా కదిలితే, మరుసటి హెచ్చరిక అంత గట్టిగా వెళ్తుంది. చర్మం దేనికైనా అలవాటు పడుతుంది కదా. వెచ్చదనం అలవాటైతే మంట, మంట అలవాటైతే పోటు. రెండేళ్ళలో అది ఎంతదాకా పెరిగిందో చూసినవాడు లేడు. ఎవరి పేరున వాళ్ళ లెక్క మిషనులో భద్రంగా ఉండేది, ఉదయం పేరు నొక్కితే చాలు.

ఒకరోజు నేను దోసెలు పోస్తుంటే మా ఆయన వంటింట్లోకి వచ్చి మాట్లాడుతూ మాట్లాడుతూ పెనం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తోలు కాలిన వాసన నాకు వచ్చింది గానీ ఆయనకు నొప్పి తెలియలేదు. నేను చెయ్యి లాగి నీళ్ళలో ముంచుతుంటే, ఎవరి చేతినో చూస్తున్నట్టు చూశాడు. ఇంకోరోజు మొద్దుబారిన కత్తితో నేను గుమ్మడికాయ కోస్తున్నాను. కత్తి దిగక బరబరలాడుతుంటే ఆయన ఒక్క ఉదుటున లేచి, కత్తి గుంజుకుని, నా చెంప పగలగొట్టాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద చెయ్యెత్తని మనిషి. మరుక్షణం నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. దాన్ని అట్లా కొయ్యొద్దే, నాకు కోసుకుపోతుందే అన్నాడు.

ఉబ్బిన చెంపతో అన్న దగ్గరికి వెళ్ళి ఆ పట్టీ పీకెయ్యమన్నాను. అన్న అంతా శ్రద్ధగా విన్నాడు. మందు రాయించుకో అన్నాడు. తర్వాత, పెనం సంగతి మళ్ళీ ఒకసారి వివరంగా చెప్పమన్నాడు, అప్పీలులో పనికొస్తుందట. ఆ రోజు నాకు అన్న మీద అసహ్యం పుట్టింది. పోనీ మొగుణ్ణి బతిమాలదామంటే ఆయన అసలే వినడు. పట్టీ విప్పితే భుజం నుంచి కింద కట్టె వేలాడుతున్నట్టుంటుందని, మళ్ళీ కట్టుకునేదాకా ప్రాణం కుదుటపడదని అనేవాడు.

ఈలోగా షాపులో పక్క మిషన్ల వాళ్ళూ పట్టీలు కట్టారు. మగవాళ్ళకు ఇదంతా వేళాకోళం. మిషనుకు ఫీడు, అంటే టూలు ఉక్కులోకి దూసుకుపోయే వేగం, పెంచే తిరుగుడు మీట ఒకటి ఉంటుంది. పట్టీ కట్టుకున్నవాడు అటు తిరిగి ఉన్నప్పుడు ఎవడో ఒకడు వచ్చి ఆ మీట కొంచెం తిప్పేవాడు. టూలు మీద బరువు పడేది, కట్టుకున్నవాడు ఎగిరి గంతేసేవాడు, అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. దీనికి చక్కిలిగింత పెట్టడం అని పేరు. కొత్తగా చేరినవాడికి, పెళ్ళి కుదిరినవాడికి, జీతం పెరిగినవాడికి తప్పనిసరిగా చక్కిలిగింత ఉండాల్సిందే. సదానందం కూడా మిగతావాళ్ళకు పెట్టినవాడే.

ఆ రోజు ఎల్లేశ్ చెల్లెలికి పెళ్ళి కుదిరింది. మైసూర్‌పాక్ పంచుతూ ఎల్లేశ్ షాపంతా తిరిగాడు. మా ఆయన పెద్ద కట్టరుతో ఉక్కు దిమ్మను చదును చేస్తున్నాడు. కట్టరు అంచున బీట వచ్చింది, అరచెయ్యంతా పోట్లు పొడుస్తోంది, ఆపుదామని ఆయన బటన్ వైపు చెయ్యి చాపుతున్నాడు. అప్పుడే ఎల్లేశ్ ఆ హుషారులో వెనక నుంచి వచ్చి మీటను చివరిదాకా తిప్పాడు. కట్టరు ముక్కలు ముక్కలై మిషను తలుపు అద్దానికి కొట్టుకుంది. మిషను మాత్రం ఆగలేదు, విరిగిన మొండితోనే ఉక్కును గీరుతూ పోయింది. ఆ గీరుడంతా మా ఆయన అరచేతిలోకి వచ్చింది. అయిదు వేళ్ళూ ఎవడో రంపం పెట్టి కోస్తున్నాడనుకున్నాడు. ఆ కోసేవాణ్ణి కొట్టాడు.

సెషన్స్ కోర్టులో మా అన్న సాక్షిగా నిలబడ్డాడు. మా తరపు వకీలు నస్రీన్ గారు సూటిగా అడిగారు, ఈ పట్టీ వల్ల మనిషికి ఒళ్ళు తెలియనంత నొప్పి పుడుతుందా లేదా అని. అన్న జడ్జి గారి వైపు తిరిగి, "అది స్క్రీను లాంటిదే సార్. సమాచారం చూపిస్తుంది. అంతకుమించి ఏం చెయ్యదు" అన్నాడు. తాను కూడా కట్టుకుని చూశానని, గోరువెచ్చగా ఉంటుందని చెప్పాడు. ప్రభుత్వ వకీలు ముఖం వెలిగిపోయింది. బోనులో మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, కుడిచెయ్యి కట్టెలా వేలాడుతోంది.

కోర్టు మెట్ల మీద చెప్పు తీసి మా అన్నను కొట్టాను. జనం చూస్తుండగా ముఖం మీద, భుజం మీద, ఎక్కడ తగిలితే అక్కడ కొట్టాను. కళ్ళజోడు పగిలి కనుబొమ్మ చీరుకుపోయింది. అన్న చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "షాపు మూతపడ్తది చెల్లె. నేను సుత లోపల్కి పోతే మిమ్ముల ఎవడు చూస్తడు?" అన్నాడు. అది నిజమని తాను నమ్మాడేమో నాకు తెలియదు. ఎల్లేశ్ తల్లి చెట్టు కింద కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. ఆమె ముందు మా గొడవ ఎంత నీచంగా ఉందో తెలిసి కూడా నేను ఆగలేకపోయాను.

అదే నెలలో చెన్నైలో అన్న తరపు వకీలు దీనికి పూర్తిగా తిరగేసి వాదించాడు. పట్టీ ఊరికే సమాచారం చెప్పదు, ఆపరేటరు శరీరం మీద నేరుగా పనిచేస్తుంది అన్నాడు. నస్రీన్ గారు అది విని పట్టలేక నవ్వారు. అయితే అది వకీలు మాట, ఇక్కడ దానికి విలువ లేదు, ఆ ముక్క ఉపేందర్ తన నోటితో చెప్పాలి, ఎవరో అధికారి రాసుకోవాలి అన్నారు. అప్పుడే మా ఆయన మెడకు చుట్టుకున్న హత్యా నేరం ఊడుతుంది. నాకు ఇక వేరే ఆలోచన లేకుండా పోయింది.

ఆ అవకాశం చెన్నై కోర్టే ఇచ్చింది. పట్టీ ఎలా పనిచేస్తుందో షాపుకు వెళ్ళి కళ్ళారా చూసి రాసుకు రమ్మని ఒక సీనియర్ లాయరును కమిషనర్‌గా వేసింది. ఎల్లేశ్ పోయాక పట్టీ కట్టుకోవడానికి షాపులో ఒక్కడూ ఒప్పుకోలేదు, ఆ మిషను తాకడానికి కూడా భయపడ్డారు. అందుకని అన్న తానే కట్టుకుంటానన్నాడు. మిషను నడపమని నన్ను అడగడానికి ఇంటికి వచ్చాడు. కనుబొమ్మ మీద కుట్లు ఇంకా మానలేదు. నేను సరేనన్నాను. కోపం తగ్గిందనుకుని నా తల నిమిరి వెళ్ళాడు.

జైలు ములాకత్‌లో ఈ సంగతి చెబితే సదానందం జాలీకి తల ఆనించాడు. "ఎవ్వనికి కట్టకుండ్రే దాన్ని. నీకు దండం పెడ్త" అన్నాడు. నా మొగుడు చెప్పిన మాట నేను వినలేదు.

కమిషనర్ పేరు వైజయంతి. నెల్లూరు వైపు ఆమె, చెన్నైలో స్థిరపడ్డారు. ఆమె వెంట స్టెనో, అన్న తరపు వకీలు, పుణె కంపెనీ తరపు వకీలు వచ్చి అద్దం ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అన్న ఇస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ కట్టుకుని, ఏ టూలుకు ఏ వేలో వాళ్ళకు వివరించసాగాడు. స్క్రీను నా వైపు ఉంది. ఆపరేటరు ఎవరని అది అడిగింది. ఆ మిషను మీద పట్టీ కట్టినవాళ్ళు ఇద్దరే, అన్న పేరు పైన ఉంది, సదానందం పేరు కింద ఉంది. నేను కింద నొక్కాను. అంతకుముందే ఒక పెద్ద కట్టరుకు రాయితో అంచు బీటకొట్టి మిషనులో ఎక్కించి పెట్టాను.

మొదట డ్రిల్లు పెట్టాను. మంచి డ్రిల్లే, కొంచెం అరిగిందంతే. అన్న మాట మధ్యలో ఆగిపోయింది. బొటనవేలు పట్టుకుని నా వైపు చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. వకీళ్ళ ముందు పరువు పోతుందని కాబోలు, పళ్ళు బిగించి నవ్వి, చూశారా మేడం, టూలు అరిగిందని తెలుస్తోంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి నన్నేదో అడిగాడు, వినబడనట్టు నేను పెద్ద కట్టరు పిలిచాను.

కట్టరు ఉక్కును తాకగానే అన్న కేక పెట్టాడు. అది మనిషి కేకలా లేదు. కుర్చీలో ఉన్న వకీళ్ళు లేచి నిలబడ్డారు. అన్న నేల మీద పడి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, నేలకేసి బాదుకోవడం మొదలుపెట్టాడు. "ఆపవే స్వరూపా, చేతులు కోస్తున్నరే" అని అరిచాడు. పట్టీ విప్పుకుందామని పంటితో కొరికాడు, పంటికింద సొంత చర్మం చీలి నెత్తురు కారింది. వైజయంతి గారు ఆపమ్మా ఆపమ్మా అంటున్నారు. ఎర్ర బటన్ మీద నా వేలు ఉంది. నొక్కలేదు. కట్టరు పగిలి ముక్కలు అద్దానికి తగిలేదాకా చూశాను, ఆ తర్వాత మొండి ఉక్కును గీరుతుంటే కూడా చూశాను. అన్న వెళ్ళి తన వకీలు పీక పట్టుకున్నాడు. అతను కళ్ళు తేలేస్తుంటే అప్పుడు నొక్కాను.

అంతా ఆగిపోయింది. వకీలు మెడ పట్టుకుని దగ్గుతూ మూలకు పోయాడు. అన్న మోకాళ్ళ మీద కూర్చుని తన చేతుల వైపు చూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ముడుచుకుపోయి తెరుచుకోవడం లేదు. నాకు జాలి కలిగింది, తృప్తి కూడా కలిగింది. ఏది ఎక్కువో ఇప్పటికీ చెప్పలేను.

నీళ్ళు తాగించాక, "బావకు రోజు గిట్లనేనా?" అని నన్ను అడిగాడు.

"రోజు ఇంత లేకుండె. ఆ దినం మాత్రం ఇంతకన్న శానా సేపున్నది" అన్నాను.

వైజయంతి గారు స్టెనోను దగ్గరికి పిలిచారు. కోర్టు తనను తేల్చుకు రమ్మన్న ప్రశ్న ఇదే, జవాబు ఆలోచించి చెప్పండి అని అన్నతో అన్నారు. ఈ పట్టీ ఆపరేటరుకు సమాచారం చెబుతుందా, అతని మీద ఇంకేమైనా చేస్తుందా? ఇప్పుడు రాసుకున్నది ఏ కోర్టులోనైనా చదువుతారని కూడా గుర్తుచేశారు. వకీలు బొంగురు గొంతుతో, ఏమీ చెప్పొద్దు, అప్పీలు వాపసు తీసుకుందాం, లేకుంటే నువ్వు జైలుకు పోతావు అన్నాడు. పుణె కంపెనీ వకీలు ఆ మాటకు తల ఊపాడు. అప్పీలు వాపసు పోతే వాళ్ళకంటే సంతోషించేవాళ్ళు లేరు.

అన్న ఆ తల ఊపడం చూశాడు.

"నేను వాపసు తీస్కుంటే వీండ్లు రేపే చేసి అమ్ముతరు. ఊరూరా కడ్తరు. నేను గెలిస్తే నా మాట లేంది ఎవ్వడు చెయ్యొద్దు. అంతే గదా మేడం?" అని అడిగాడు.

పేటెంటు వస్తే దాని గడువు ఉన్నంతకాలం అంతేనన్నారు ఆమె.

"అయితే రాస్కోండి. ఇది సమాచారం కాదు. ఇది నొప్పి. సెషన్స్ కోర్టుల నేను అబద్ధం చెప్పిన, మా బావ తప్పు లేదు. గది సుత రాయండి."

స్టెనో రాసింది. సంతకం చెయ్యమంటే కుడిచేతికి కలం పట్టు దొరకలేదు. ఎడమచేతి బొటనవేలు ముద్ర వేశాడు, సాఫ్ట్‌వేర్ రాసే మా అన్న.

అప్పీలు గెలిచాడు. పట్టీ మనిషి ఒంటి మీద పనిచేస్తుంది కాబట్టి అది ఆవిష్కరణేనని, అది మంచిదా చెడ్డదా అన్నది వేరేచోట తేలాలని కోర్టు చెప్పింది. ఆ వాంగ్మూలంతోనే సెషన్స్ కోర్టు సదానందాన్ని వదిలేసింది. దాంతోనే ఎల్లేశ్ చావుకు, అబద్ధపు సాక్ష్యానికి కలిపి మా అన్నకు ఏడేళ్ళు వేసింది. ఎల్లేశ్ తల్లి తీర్పు విని లేచి వెళ్ళిపోయింది. ఆమెకు ఇద్దరిలో ఎవరు లోపల ఉన్నా ఒకటే. షాపు, పేటెంటు చూసుకునే అధికారం అన్న నా పేరున రాసిచ్చాడు.

ఏడాది తిరిగేలోపు పుణె కంపెనీ మనుషులు రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. మెత్తగా మాట్లాడతారు. ఇప్పుడు నొప్పి తగ్గించామంటారు, లైసెన్సు ఇస్తే అన్న శిక్ష మీద అప్పీలు వేయడానికి పెద్ద వకీలును పెడతామంటారు. రెండోసారి వచ్చినప్పుడు సదానందం రోకలి తీసుకుని వాళ్ళను గేటు దాకా తరిమాడు.

మొన్న ములాకత్‌కు వెళ్తే అన్న మొదట అడిగింది అదే. "కంపెనీ వాండ్లు మళ్ళ వచ్చిన్రా?"

వచ్చారని, లేదని పంపించానని చెప్పాను.

"ఇంకెన్నేండ్లున్నది?"

శిక్ష సంగతనుకుని, ఏడాది పోయింది, ఇంక ఆరున్నవి అన్నాను. జైల్లో మనిషికి ధైర్యం చెప్పాలి కదా, ఎట్లనో పోతయి తీయ్ అన్నాను.

"నాది కాదే. పేటెంటుది."

పదిహేనున్నాయని చెప్పాను. అన్న ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ఇంకా ముడుచుకునే ఉన్నాయి.

"నేను బయటికొచ్చినంక తొమ్మిదేండ్లుంటది. గవి నేను చూస్కుంట. ఈ ఆరేండ్లు నువ్వు ఎవ్వనికి సంతకం పెట్టకు. నన్ను ఇడిపిస్తమన్నా పెట్టకు."

పెట్టనన్నాను. అన్న నమ్మకం కుదిరేదాకా రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడు, బావ ఎట్లున్నడని అడిగాడు. అన్నం ఎడమచేత్తో తింటున్నాడని చెప్పాను.